హనోయ్ నుంచి సింగపూర్ దాకా రైళ్లు, బస్సుల్లోనే వెళ్లొచ్చా?

అడిగినవారి ప్రశ్న క్లుప్తంగా ఇది: ఖమ్మం దంపతులు, హైదరాబాద్‌లో ఉద్యోగాలు, మూడు వారాల సెలవు. విమానంలో హనోయ్‌లో దిగి, అక్కణ్నుంచి రైళ్లు, బస్సుల్లోనే సింగపూర్ చేరి, ఇంటికి విమానం ఎక్కాలని ఉంది. ప్యాకేజీ లేకుండా కుదురుతుందా? కంబోడియా మీదుగా వెళ్లాలా, లావోస్ మీదుగానా? భార్య శాకాహారి. 66 ఏళ్ల నాన్నగారు కూడా వస్తానంటున్నారు. చివర్లో ఇంకో మాట అడిగారు: అసలు ఇండియా నుంచే రోడ్డు మీద వెళ్లలేమా?

కుదురుతుంది. మూడు వారాలు చాలు, ప్యాకేజీ అక్కర్లేదు. లావోస్ మీదుగా వెళ్లండి: హనోయ్, హ్యూ, లావోస్‌లోని సవన్నఖేత్, వియంటియాన్, అక్కణ్నుంచి బ్యాంకాక్, మలేసియా సరిహద్దులోని పడాంగ్ బెసార్, కౌలాలంపూర్, సింగపూర్. ఈ దారిలో నేను అటూ ఇటూ రెండు వైపులా వెళ్లాను. ఒంటరిగానూ వెళ్లాను, అక్కాబావలను వెంటబెట్టుకునీ వెళ్లాను. భాష రాకపోయినా ఎక్కడా ఇరుక్కుపోలేదు. మూడు నెలలు కూర్చుని పరిశోధన చేయాల్సినంత పని కాదిది. కొన్ని విషయాలు మాత్రం బయల్దేరకముందే తేల్చుకోవాలి, వాటి గురించే ఎక్కువ రాస్తాను.

ముందు ఇండియా నుంచి రోడ్డు మాట. ఇప్పట్లో వద్దు. మణిపూర్‌లోని మోరే నుంచి మయన్మార్‌లోని తాముకు 2018లో పాస్‌పోర్టు, వీసాలతో దాటే వీలు కల్పించారు. మన బైక్ బృందాలు కొన్ని అలా థాయ్‌లాండ్ దాకా వెళ్లొచ్చాయి కూడా. కోవిడ్‌తో అది మూతపడింది, ఆ తర్వాత 2021 ఫిబ్రవరిలో మయన్మార్‌లో సైన్యం అధికారం చేజిక్కించుకుంది. ఆ దేశం మధ్యలో యుద్ధం నడుస్తోంది. ఇండియా, మయన్మార్, థాయ్‌లాండ్‌లను కలిపే త్రైపాక్షిక హైవే పూర్తయిందని, కాబోతోందని యూట్యూబ్‌లో చెప్పేవాళ్లను నమ్మి ప్లాన్ చేసుకోవద్దు.

కంబోడియా సంగతీ అంతే. హోచిమిన్ సిటీ, నామ్‌పెన్, సియెమ్ రీప్, థాయ్ సరిహద్దులోని పోయ్‌పెట్, బ్యాంకాక్ అన్నది ఒకప్పుడు అందరూ వెళ్లే దారి. పాత బ్లాగులన్నీ అదే చెబుతాయి. 2025 జూలైలో థాయ్‌లాండ్, కంబోడియా సైన్యాల మధ్య కాల్పులు జరిగాయి. అంతకు కాస్త ముందు నుంచే ఆ రెండు దేశాల మధ్య భూ సరిహద్దులు ప్రయాణికులకు మూసుకుపోయాయి. మళ్లీ తెరిచారన్న వార్త వచ్చినా, పోయ్‌పెట్ మీదే ఆధారపడి టికెట్లు కొనొద్దనే చెబుతాను. సియెమ్ రీప్ చేరాక గేటు మూసేస్తే మీకు మిగిలేది విమానమే. మీ ప్రయాణం ఉద్దేశమే అక్కడ దెబ్బతింటుంది.

ఊళ్లు తర్వాత, ముందు సరిహద్దులు

మనవాళ్లు ప్లాన్ వేసేటప్పుడు ఊళ్ల లిస్టుతో మొదలుపెడతారు. ఇక్కడ రెండు రాత్రులు, అక్కడ మూడు రాత్రులు అని రాసుకుంటారు. మధ్యలో ఉన్న సరిహద్దు వాళ్లకు ఒక గీతలా కనిపిస్తుంది. రోడ్డు మార్గంలో తిరిగేవాళ్లకు మాత్రం అసలు పని ఆ గీత దగ్గరే. మీ దారిలో నాలుగు సరిహద్దులున్నాయి. ఆ నాలుగూ ఏ తేదీన, పొద్దున్నా మధ్యాహ్నమా, ఏ బండిలో దాటుతారో మొదట ఖాయం చేసుకోండి. ఆ రోజుకు ఇంకే పనీ పెట్టుకోవద్దు. గుడి చూద్దాం, సాయంత్రం ఫలానా షో ఉంది, రాత్రికి ఇంకో రైలు అందుకుందాం లాంటివి వద్దు. మిగిలిన రోజుల్ని ఊళ్లకు పంచుకోండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. సరిహద్దు దగ్గర మన చేతిలో ఏమీ ఉండదు. క్యూ ఎంత ఉంటుందో, మన బస్సులో ఎవరి కాగితాల్లో తేడా వస్తుందో, అవతల బండి ఎంతసేపు ఆగుతుందో ముందు తెలియదు. రోజంతా చేతిలో ఉంటే అదొక టైంపాస్. సాయంత్రం ఆరింటికి రైలుంటే అదే మూడు గంటలు టెన్షన్‌తో చచ్చిపోతారు. ఈ దారిలో భార్యాభర్తలు పోట్లాడుకోవడం నేను చూసింది ఎక్కువగా ఇమ్మిగ్రేషన్ హాళ్లలోనే.

మొదటి సరిహద్దు: లావో బావో

హనోయ్ నుంచి వియంటియాన్‌కు నేరుగా స్లీపర్ బస్సు ఉంది, ఇరవై గంటలకు పైమాటే. హోటళ్ల వాళ్లు మీకు అదే అమ్మజూపుతారు. వద్దు. ఆ బస్సు చీకట్లోనే కొండ మీది గేటు దగ్గరకు చేరి, తెల్లారి ఆఫీసు తెరిచేదాకా అక్కడే ఆగుతుంది. చలికాలమైతే పైన గడ్డకట్టినట్టుంటుంది, బాత్రూమ్ సౌకర్యం అంతంతమాత్రం. పైగా బెర్తులు వాళ్ల ఎత్తుకు తగ్గట్టు చేసినవి, ఐదడుగుల తొమ్మిది అంగుళాలు దాటినవాళ్లు కాళ్లు చాపుకోలేరు.

దాని బదులు హనోయ్ నుంచి రాత్రి రైలెక్కి హ్యూలో దిగండి. 688 కిలోమీటర్లు, పదమూడు పద్నాలుగు గంటలు పడుతుంది. నాలుగు బెర్తుల సాఫ్ట్ స్లీపర్ తీసుకోండి. మన సెకండ్ ఏసీలో ప్రయాణించినవాళ్లకు కొత్తగా ఏమీ అనిపించదు. హ్యూ పాత రాజధాని, పెర్‌ఫ్యూమ్ నది ఒడ్డున కోట ఉంది, రెండు మూడు రోజులు హాయిగా గడుస్తాయి. అక్కణ్నుంచి పొద్దున్నే బయల్దేరే సవన్నఖేత్ బస్సు పట్టుకోండి. డాంగ్ హా దగ్గర పడమటికి తిరిగి 9వ నంబరు రోడ్డు మీద ఖే సాన్ మీదుగా లావో బావో చేరుతుంది. దూరం నాలుగు వందల కిలోమీటర్ల లోపే, దాదాపు రోజంతా పడుతుంది. మొత్తం పట్టపగలు సాగుతుంది కాబట్టి ఏం జరుగుతోందో కళ్లతో చూస్తారు. అది చాలా ధైర్యం.

లావో బావోలో వియత్నాం స్టాంపు వేయించుకుని, సామాను లాక్కుంటూ కాస్త నడిచి అవతల దన్సవాన్‌లో లావోస్ వీసా తీసుకోవాలి. ఇక్కడ వీసా ఆన్ అరైవల్ ఉంది. ఈ-వీసా కూడా ఉంది గానీ అది అన్ని గేట్ల దగ్గరా చెల్లదు. అధికారిక సైటులో గేట్ల జాబితాలో మీ గేటు పేరు కనిపిస్తేనే దానికి దరఖాస్తు చేయండి, లేకపోతే గేటు దగ్గరే తీసుకోండి. మనకు ఫీజు 40 డాలర్ల దాకా ఉంటుంది. పాస్‌పోర్టు సైజు ఫొటో కావాలి. శని ఆదివారాల్లో, ఆఫీసు వేళలు దాటాక చిన్నమొత్తం అదనంగా అడగొచ్చు.

డాలర్ల విషయంలో ఒక హెచ్చరిక. ఈ ప్రాంతపు గేట్లలో ఒకచోట మా బావ ఇచ్చిన ఇరవై డాలర్ల నోటును వెనక్కి తోసేశారు. నోటు అంచున గోరంత చిరుగుంది, అంతే. ఆయన పర్సులో ఇంకో నోటు ఉంది కాబట్టి సరిపోయింది. హైదరాబాద్‌లో డాలర్లు తీసుకునేటప్పుడే కొత్తవి, మడత పడనివి, పెన్ను గీతల్లేనివి అడిగి తీసుకోండి. వాటిని పర్సులో మడవకుండా పుస్తకం మధ్యలో పెట్టుకోండి. పెద్దవాటితో పాటు ఐదులు, పదులు కొన్ని ఉంచుకోండి, చిల్లర ఉండదంటారు.

వీసాల వరస

బయల్దేరకముందు చేతిలో ఉండాల్సినవి రెండే: వియత్నాం ఈ-వీసా, సింగపూర్ వీసా. మిగతావి దారిలో అవుతాయి.

వియత్నాం ఈ-వీసా 2023 ఆగస్టు నుంచి 90 రోజుల దాకా ఇస్తున్నారు. సింగిల్ ఎంట్రీకి 25 డాలర్లు. ఫారంలో ఎక్కడ దిగుతారో, ఎక్కడ దేశం వదులుతారో అడుగుతుంది. దిగేది హనోయ్ విమానాశ్రయం, వదిలేది లావో బావో అని ఎంచుకోండి. సర్కారీ సైటునే పోలిన ఏజెంట్ల సైట్లు ఇంటర్నెట్ నిండా ఉన్నాయి. అడ్రసు చివర గవ్ డాట్ వీఎన్ ఉందో లేదో చూసి గానీ డబ్బు కట్టొద్దు.

మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఒక తంటా ఉంది, ఇంటిపేరు. కొందరి పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటుంది, కొందరికి ఇంటిపేరు, పేరు, కులం పేరు అన్నీ ఒకే గడిలో ఉంటాయి, కొందరి ఇంటిపేరు ఒక్క అక్షరంతో సరిపెట్టి ఉంటుంది. వీసా ఫారంలో, విమానం టికెట్లో, లావోస్ రైలు టికెట్లో ఒక్కోచోట ఒక్కో వరసలో రాస్తే తర్వాత అడుగుతారు. దీనికి సులువైన పద్ధతి ఒకటుంది. పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున బాణం గుర్తులతో రెండు లైన్లుంటాయి కదా, యంత్రం చదివేది వాటినే. అందులో పేరు ఏ వరసలో ఉందో అదే వరసలో అన్నిచోట్లా రాయండి. మీ ఆవిడ పాస్‌పోర్టులో పుట్టింటి పేరుండి, హోటల్ బుకింగ్ మీ ఇంటిపేరుతో ఉన్నా ఇబ్బందేమీ లేదు. వీసా, టికెట్ మాత్రం కచ్చితంగా కలవాలి.

సింగపూర్ వీసా ఇండియాలో ఉండగానే తీసుకోవాలి, అధీకృత ఏజెంట్ల ద్వారా. బ్యాంకాక్ చేరాక చూసుకుందాం అనుకోవద్దు. ఫీజు 30 సింగపూర్ డాలర్లు, ఏజెంటు చార్జీ వేరే. ఇది చేతిలో ఉంటే ఇంకో లాభం కూడా ఉంది. థాయ్‌లాండ్‌లోకి, మలేసియాలోకి వెళ్లేటప్పుడు "తర్వాత ఎక్కడికి?" అని అడిగితే ఈ వీసా, సింగపూర్ నుంచి హైదరాబాద్ టికెట్ చూపిస్తే మాట అక్కడితో అయిపోతుంది. హైదరాబాద్‌లో హనోయ్‌కి వన్‌వే టికెట్‌తో చెకిన్ చేసేటప్పుడూ అవే కాగితాలు అక్కరకొస్తాయి. ప్రింటు తీసి పెట్టుకోండి.

థాయ్‌లాండ్‌కు మనం వీసా లేకుండా వెళ్లే వీలు కల్పించారు. అలా ఉండే గడువును 2024 జూలైలో 60 రోజులకు పెంచారు. తగ్గించే మాట కూడా నడుస్తోంది, కాబట్టి బయల్దేరే ముందు ఒకసారి చూసుకోండి. 2025 మే నుంచి డిజిటల్ అరైవల్ కార్డు తప్పనిసరి. మలేసియాకు 2026 డిసెంబర్ 31 దాకా 30 రోజులు వీసా లేకుండా వెళ్లొచ్చని ప్రకటించారు. మీరు వెళ్లేది ఆ తేదీ దాటాకైతే, పొడిగించారో లేదో ముందే చూసుకోండి. దానికీ డిజిటల్ అరైవల్ కార్డు కావాలి. సింగపూర్‌కూ అలాంటిదే ఇంకోటి. ఈ మూడు కార్డులూ ఉచితం. డబ్బు అడిగే సైటు కనిపిస్తే అది అసలుది కాదని అర్థం. ఒక్కోటి ఆ దేశంలో అడుగుపెట్టడానికి మూడు రోజుల లోపు నింపాలి. రైల్లో సిగ్నల్ దొరుకుతుందో లేదో, ముందురోజు హోటల్‌లోనే పూర్తిచేసి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

హైదరాబాద్ విమానాశ్రయంలో ఇమ్మిగ్రేషన్ అధికారులు లావోస్ పేరు వినగానే నాలుగు ప్రశ్నలు ఎక్కువ అడగొచ్చు. ఉద్యోగాల పేరుతో మన కుర్రాళ్లను లావోస్, మయన్మార్ సరిహద్దుల్లోని సైబర్ మోసాల ముఠాలకు అప్పగించిన కేసులు ఈ మధ్య చాలా జరిగాయి. తెలుగు రాష్ట్రాల పిల్లలూ అందులో చిక్కుకున్నారు. అందుకే ఆ ప్రశ్నలు. హోటల్ బుకింగ్, తిరుగు టికెట్, మీ కంపెనీ లీవు లెటర్ చూపిస్తే చాలు.

లావోస్ రైలు, ఆ తర్వాత రెండో సరిహద్దు: వంతెన

సవన్నఖేత్ నుంచి వియంటియాన్‌కు పగటి బస్సు, మెకాంగ్ లోయ వెంట ఎనిమిది తొమ్మిది గంటలు. చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. ఒక రాత్రి సవన్నఖేత్‌లో పడుకుని మర్నాడు బయల్దేరండి.

వియంటియాన్ నుంచి లువాంగ్ ప్రబాంగ్‌కు వెళ్లి రావడం మాత్రం మానొద్దు. చైనా సాయంతో కట్టిన రైలు మార్గం 2021 డిసెంబర్ 3న మొదలైంది. వియంటియాన్ నుంచి చైనా సరిహద్దులోని బోటెన్ దాకా 422 కిలోమీటర్లు. దారి పొడవునా కొండలు, సొరంగాలు, వంతెనలు. అంతకు ముందు బస్సులో రోజంతా కడుపు తిప్పే ఘాట్ రోడ్డు, ఇప్పుడు రెండు గంటలే. ఇందులో రెండు సంగతులు చెప్పాలి. స్టేషన్లు ఊరికి బాగా దూరం, వియంటియాన్‌లోనైతే వ్యానుకు ముప్పావుగంట పట్టొచ్చు. రెండోది, లోపలికి వెళ్లేటప్పుడు విమానాశ్రయంలోలా సామాను తనిఖీ ఉంటుంది. డియోడరెంట్, దోమల మందు లాంటి స్ప్రే డబ్బాలు, కూరగాయల కత్తి తీసేసుకుంటారు. రోల్‌ఆన్‌లు, క్రీములు పెట్టుకోండి. టికెట్లు కొద్దిరోజుల ముందే అమ్మకానికి వస్తాయి, వారాంతాల్లో వెంటనే అయిపోతాయి. యాప్‌లో మన కార్డు పనిచేయకపోతే హోటల్ వాళ్లకు కాస్త కమీషన్ ఇచ్చి తెప్పించుకోండి, ఆ డబ్బు దండగేమీ కాదు.

వియంటియాన్ నుంచి బ్యాంకాక్‌కు 2024 జూలై నుంచి నేరుగా రాత్రి రైలుంది. అయినా నేను చెప్పేది వేరు. మధ్యాహ్నమే ఊళ్లోని తలాత్ సావ్ మార్కెట్ పక్క బస్టాండు నుంచి బస్సులో మెకాంగ్ నది మీది వంతెన దాటి, అవతల థాయ్‌లాండ్‌లోని నోంగ్ ఖాయ్ చేరి, అక్కడ ఏదైనా తిని, సాయంత్రం నోంగ్ ఖాయ్ నుంచి బయల్దేరే స్లీపర్ ఎక్కండి. నేరు రైల్లో ఎలాగూ నోంగ్ ఖాయ్‌లో అందరూ సామానుతో దిగి థాయ్ స్టాంపు వేయించుకుని మళ్లీ ఎక్కాలి. అదే పని పగలే ముగించుకుంటే రాత్రి నిద్రకు అడ్డం ఉండదు. నోంగ్ ఖాయ్ నుంచి వెళ్లే కొత్త పెట్టెలు కూడా శుభ్రంగా ఉంటాయి. 1994లో ఆస్ట్రేలియా సాయంతో కట్టిన ఆ వంతెన మీద నడవనివ్వరు, షటిల్ బస్సు ఎక్కాల్సిందే. లావోస్ కిప్‌లు అక్కడే ఖర్చుపెట్టేయండి లేదా మార్చేయండి, దేశం దాటాక వాటిని తీసుకునేవాళ్లు దొరకడం కష్టం.

వంతెన దాటాక ఇంకో మార్పు గమనించండి. వియత్నాం, లావోస్‌లో బళ్లు రోడ్డుకు కుడివైపు నడుస్తాయి. థాయ్‌లాండ్ నుంచి సింగపూర్ దాకా మనలాగే ఎడమవైపు. రెండు వారాలు కుడివైపుకు అలవాటుపడ్డ కళ్లు ఆ సాయంత్రం రోడ్డు దాటేటప్పుడు తప్పు దిక్కు చూస్తాయి. మీ ఆవిడకు కూడా ముందే చెప్పి ఉంచండి.

థాయ్ స్లీపర్‌లో కింది బెర్త్ వెడల్పు ఎక్కువ, ధరలో తేడా కొంచెమే. రాత్రి కాగానే అటెండెంటు వచ్చి సీట్లను పరుపులుగా మార్చి తెల్ల దుప్పటి వేసి వెళతాడు, ప్రతి బెర్తుకూ కర్టెన్ ఉంటుంది. లైట్లు రాత్రంతా వెలుగుతూనే ఉంటాయి, ఏసీ వణికిస్తుంది. పై బెర్త్ వాళ్లకు మరీ. స్వెట్టరు, కళ్లకు గంత పెట్టుకోండి.

మూడో సరిహద్దు: పడాంగ్ బెసార్, నాకు అన్నింట్లో ఇష్టమైనది

బ్యాంకాక్ ప్రధాన స్టేషన్ ఇప్పుడు క్రుంగ్ తెప్ అఫివాట్. 2023 జనవరి నుంచి దూరప్రాంతాల రైళ్లు చాలావరకు పాత హువా లంఫోంగ్ నుంచి ఇక్కడికి మారాయి, పాత బ్లాగుల్ని చూసి అక్కడికి వెళ్లొద్దు. మధ్యాహ్నం దాటాక బయల్దేరే 45వ నంబరు రైలు మర్నాడు ఉదయం మలేసియా సరిహద్దు చేరుతుంది. వెయ్యి కిలోమీటర్లకు కాస్త తక్కువ. టికెట్ దొరకదేమోనన్న భయం పెట్టుకోవాల్సింది ఈ ఒక్క రైలుకే. ఎందుకంటే ఆ పొడవాటి రైల్లో సరిహద్దు దాకా వెళ్లే పెట్టెలు కొన్నే. హాట్ యాయ్‌లో రైలును విడదీస్తారు, ఎక్కువ పెట్టెలు ఇంకో సరిహద్దు ఊరు సుంగై కోలోక్ వైపు వెళ్లిపోతాయి, మనవి విడిగా పడాంగ్ బెసార్ వైపు కదులుతాయి. టికెట్ మీద చివరి స్టేషన్ పడాంగ్ బెసార్ అని ఉందో లేదో, అదే పెట్టెలో కూర్చున్నారో లేదో చూసుకోండి. నెల రోజుల ముందే కొనండి.

సుంగై కోలోక్ దారి పటంలో చూస్తే బాగుంటుంది గానీ అటు వెళ్లొద్దు. యాల, పట్టాని, నరాతివాట్ జిల్లాల్లో చాలా ఏళ్లుగా సాయుధ తిరుగుబాటు ఉంది.

పడాంగ్ బెసార్ ఎందుకిష్టమంటే రెండు దేశాల ఇమ్మిగ్రేషనూ ఒకే స్టేషన్లో ఉంటుంది. థాయ్ కౌంటర్‌లో ఒక స్టాంపు, నాలుగడుగులు వేసి మలేసియా కౌంటర్‌లో ఇంకోటి, అంతే. గడియారం మాత్రం ఒక గంట ముందుకు జరపండి. మలేసియా రైలు టైము మలేసియా గంటల్లో ఉంటుంది, కొందరు ఇక్కడే రైలు పోగొట్టుకుంటారు. అక్కణ్నుంచి కౌలాలంపూర్‌కు ఎలక్ట్రిక్ రైలు అయిదున్నర గంటలు. పెనాంగ్ చూడాలంటే లోకల్ రైల్లో బటర్‌వర్త్ చేరి, స్టేషన్ పక్కనే ఫెర్రీ ఎక్కితే జార్జ్‌టౌన్. మీరు జార్జ్‌టౌన్‌లో రెండు రాత్రులు ఆగండి.

కౌలాలంపూర్ నుంచి సింగపూర్‌కు నేరుగా బస్సు సులువు, టీబీఎస్ అనే పెద్ద టెర్మినల్ నుంచి రోజంతా ఉంటాయి. రైలే కావాలనుకుంటే ఎలక్ట్రిక్ రైలు జొహొర్ బారు దాకా వస్తుంది. జొహొర్ బారు స్టేషన్ నుంచి మలేసియా ఇమ్మిగ్రేషన్ భవనానికి నడిచే వెళ్లొచ్చు. అవతలి వుడ్‌లాండ్స్‌కు అయిదు నిమిషాల షటిల్ రైలుంది, దాని టికెట్లు చాలా ముందుగానే అయిపోతాయి. దొరక్కపోతే మామూలు సిటీ బస్సులున్నాయి. ఏ బస్సైనా రెండుచోట్ల దిగాలి, రెండుసార్లూ సామానంతా మీతోనే తీసుకెళ్లండి. మీ వరస ఆలస్యమైతే బస్సు మీ కోసం ఆగకపోవచ్చు, అదే కంపెనీ తర్వాతి బస్సు ఎక్కొచ్చు. అందుకే టికెట్ పారేయకండి. జొహొర్ బారును సింగపూర్‌తో కలిపే రోడ్డు, కాజ్‌వే, పొడవు కిలోమీటరే గానీ శుక్రవారం సాయంత్రం, శనివారం పొద్దున గంటల తరబడి జామ్ ఉంటుంది. మంగళ, బుధవారాల్లో మధ్యాహ్నం పూట దాటండి. చూయింగ్ గమ్, ఈ-సిగరెట్ సింగపూర్‌లోకి తీసుకెళ్లొద్దు. ఈ-సిగరెట్‌కు థాయ్‌లాండ్‌లోనూ నిషేధమే.

తిండి, డబ్బు

మీ ఆవిడ గురించి దిగులు పడాల్సింది లావోస్‌లో మాత్రమే, అదీ బస్సు రోజుల్లో. వియత్నాంలో బౌద్ధులు చాంద్రమాన నెలలో మొదటి రోజు, పదిహేనో రోజు మాంసం మానేస్తారు, కాబట్టి "చాయ్" అని బోర్డున్న శాకాహార హోటళ్లు ప్రతి ఊళ్లో ఉంటాయి. హ్యూలో మరీ ఎక్కువ. థాయ్‌లాండ్‌లో పసుపు బోర్డు మీద ఎర్ర అక్షరాలతో "జే" అని రాసినచోట మాంసం, చేప, గుడ్డు, ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. ఆ రెండు గుర్తుల ఫొటోలు ఫోన్‌లో పెట్టుకుంటే నోరు తెరవక్కర్లేదు. మామూలు హోటల్‌లో కూరగాయల వంట అన్నా అందులో చేపల సాస్ పడుతుంది, అడిగి వద్దని చెప్పించుకోవాలి. బస్సు రోజులకు అటుకుల చుడువా, పులిహోర పొడి, జొన్న రొట్టెల్లాంటివి ఇంటి నుంచే తీసుకెళ్లండి. మా అక్క హనోయ్‌లో కొన్న చిన్న రైస్ కుక్కర్‌తో లావోస్ అంతా నడిపించింది. మలేసియా చేరాక ఇక ఆ బాధే లేదు. కౌలాలంపూర్‌లోని బ్రిక్‌ఫీల్డ్స్‌లో అరిటాకు భోజనం, ఇడ్లీ, దోసె అన్నీ ఉంటాయి. రబ్బరు, కొబ్బరి తోటల పనికి తీసుకెళ్లిన మన తెలుగువాళ్ల మనవలు పెరాక్‌లోని బగాన్ దతోక్ వైపు ఇప్పటికీ ఉన్నారు. సమయం ఉంటే అటు వెళ్లి పలకరించండి, వాళ్ల తెలుగు వింటే మనసు నిండుతుంది.

వియత్నాం నోట్లలో 20 వేలు, 5 లక్షలు రెండూ నీలం రంగువే. మసక వెలుతురులో ఒకదానికొకటి ఇచ్చేస్తే పాతిక రెట్లు పోయినట్టు. 5 లక్షల నోట్లను వేరే అరలో పెట్టండి. థాయ్ ఏటీఎంలలో ఒక్కో విత్‌డ్రాయల్‌కు రెండు వందల బాట్లకు పైనే కోత పడుతుంది, చిన్నచిన్నగా కాకుండా ఒకేసారి ఎక్కువ తీయండి. ఫారెక్స్ కార్డు ఒకటి, వేరే బ్యాంకు డెబిట్ కార్డు ఒకటి, ఇద్దరి దగ్గరా చెరొకటి ఉంచుకోండి.

ఏ నెల?

జనవరి. టెట్‌కు, అంటే వియత్నాం కొత్త సంవత్సరానికి, ముందే వియత్నాం దాటేయాలి, ఆ పండక్కి దేశమంతా సొంతూళ్లకు కదులుతుంది, రైల్లో చోటుండదు. టెట్ 2027లో ఫిబ్రవరి 6న వస్తుంది. అక్టోబర్, నవంబర్‌లలో హ్యూ చుట్టుపక్కల వరదలు. నవంబర్ చివర్లో దక్షిణ థాయ్‌లాండ్‌లో వానలు, 2025 నవంబర్‌లో హాట్ యాయ్ ఊరే మునిగింది. మార్చి, ఏప్రిల్‌లలో ఉత్తర లావోస్‌లో పొలాలు తగలబెట్టే పొగ కమ్ముకుని కొండలు కనిపించవు. ఏప్రిల్ మధ్యలో థాయ్, లావోస్ కొత్త సంవత్సరం, మళ్లీ టికెట్ల కరువు.

ఇక మీ నాన్నగారి సంగతి. 66 ఏళ్లు అసలు అడ్డంకి కాదు, మోకాళ్లు, నిద్ర ఎలా ఉన్నాయో చూసుకోండి. మొదటి సగంలో లావో బావో బస్సు, సవన్నఖేత్ బస్సు, సామాను మోస్తూ నడక ఉన్నాయి. ఆయన్ని అటు లాగొద్దు. మీరిద్దరూ బ్యాంకాక్ చేరే రోజుకు ఆయన్ని హైదరాబాద్ నుంచి విమానంలో అక్కడికే రప్పించండి. బ్యాంకాక్ నుంచి సింగపూర్ దాకా అంతా రైళ్లు, మంచి బస్సులే. దారిలో పరుపు ఉంటుంది, బాత్రూమ్ ఉంటుంది, జార్జ్‌టౌన్‌లో ఇడ్లీ దొరుకుతుంది. ఆయన సింగపూర్ వీసాకు మీతో కలిపే దరఖాస్తు చేయండి. థాయ్ అరైవల్ కార్డు ఆయన ఫోన్‌లో కాకుండా మీరే నింపి ప్రింటు తీసి, ఆయన బయల్దేరే ముందు చేతికందేలా ఇంట్లో ఎవరికైనా పంపండి. బీపీ, షుగర్ మందులు అసలు స్ట్రిప్పులతో, డాక్టరు చీటీతో సహా చేతి సంచిలోనే ఉంచమనండి. 45వ నంబరు రైల్లో ఆయనకు కింది బెర్త్ కావాలి కాబట్టి, మూడు టికెట్లూ ఒకేసారి, అమ్మకం తెరిచిన వారంలోనే కొనేయండి.